పాలలో కలిపిన నిద్ర

రిటైరయ్యాక ఎక్కడికి వెళ్ళినా కుర్ర డాక్టర్లు నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. "మేడమ్, మీ సర్వీసులో మర్చిపోలేని కేసు ఏది?" పాముకాటో, బిడ్డ అడ్డం తిరిగిన కాన్పో చెబుతానని వాళ్ళ ఆశ. అలాంటివీ చూశాను. కానీ ఆ మాట వినగానే నాకు ముందు గుర్తొచ్చేది ఒక సరంగు గారు, ఆయన భార్య, పుష్యమాసపు మంచులో దారి తప్పిన ఒక లాంచీ. ఆ కేసులో రక్తం లేదు, కుట్లు లేవు. ఒక చిన్న బిళ్ళ, ఒకటి రెండు చూర్ణాలు, ఓ గ్లాసుడు పాలు ఉన్నాయి. రేపు మీరు ఓపీలో కూర్చున్నాక పాముకాటు కంటే ఇదే ఎక్కువసార్లు మీ ముందుకి వస్తుంది. వచ్చినట్టు మీకు తెలియను కూడా తెలియదు. అందుకని చెబుతున్నాను.

తొంభైల చివరి రోజులు. గోదావరికి కోనసీమ వైపు ఒడ్డున ఉన్న ఒక చిన్న ప్రభుత్వాసుపత్రికి నాకు పోస్టింగు పడింది. మా కాపురం ద్రాక్షారామంలో. పొద్దున్నే బస్సెక్కి రేవులో దిగడం, అక్కణ్ణించి లాంచీలో ఏరు దాటడం. ఆ ఊరి పేరు, రేవు పేరు చెప్పను. ఆ మనుషులు ఇంకా అక్కడే ఉన్నారు.

ఆ ప్రయాణం తలుచుకుంటే ఇప్పటికీ నాకు కళ్ళు మూతలు పడతాయి. చలికాలం పొద్దుల్లో నీళ్ళకీ ఆకాశానికీ తేడా ఉండేది కాదు. మధ్యలో లంకలు దేనికీ ఆనకుండా తేలుతున్నట్టు కనిపించేవి. వాటి మీద అరటి చెట్లు, కొబ్బరి చెట్లు సగం మాత్రమే ఉండేవి, మిగతా సగం మంచులో. లాంచీ నిండా పెరుగు కుండల ఆడవాళ్ళు, సైకిళ్ళు పట్టుకున్న బడి మేష్టార్లు, ఆకులతో కట్టిన పూల బుట్టలు. ఎవరూ గట్టిగా మాట్లాడేవారు కాదు. ఇంజను ఒకే శ్రుతిలో మోగుతుంటే ఆ చప్పుడు కూడా కాసేపటికి వినిపించడం మానేసేది. ఇంట్లో వంట అయిపోయింది, ఆసుపత్రి ఇంకా మొదలవలేదు. ఆ కాసేపూ నేను ఎవరికీ ఏమీ కాను.

లాంచీ నడిపే సరంగు గారు నలభై దాటిన మనిషి. చేపలు పట్టే కుటుంబంలో పుట్టి, చిన్నప్పుడే లాంచీ పనిలో చేరి, ఆ ఏటి మీదే పెరిగారు. తలకి తువ్వాలు చుట్టుకుని, చెప్పుల్లేకుండా స్టీరింగు దగ్గర నిలబడేవారు. ముసలివాళ్ళు బల్ల మీద సర్దుకుని కూర్చునేదాకా లాంచీ కదిపేవారు కాదు. మంచు ఎక్కువగా ఉంటే ఇంజను ఆపి, బీడీ వెలిగించి, "గోదారికి తొందర లేదండి, మనకెందుకండి," అనేవారు. మేష్టార్లు వాచీలు చూసుకుని గొణుక్కున్నా లాభం ఉండేది కాదు.

అలాంటి మనిషి ఒక మధ్యాహ్నం ఓపీ అంతా అయిపోయాక నా గది గుమ్మం దగ్గర నిలబడ్డారు.

"గుండె జబ్బొచ్చిందండి నాకు," అన్నారు.

చూశాను. బీపీ బాగుంది, గుండె చప్పుడు బాగుంది. అయినా అనుమానం ఉండకూడదని కాకినాడ పెద్దాసుపత్రికి పంపితే అక్కడ తీసిన ఈసీజీ కూడా శుభ్రంగా ఉంది. ఆ మాట చెబితే ఆయన సంతోషించలేదు. 

"మరైతే గాలి చప్పుడేంటండి?"

"ఏ గాలి?"

ఆ ఏళ్ళలో కోనసీమని ఊడ్చేసిన ఆ పెద్ద తుఫాను సంగతి మీలో చాలామంది విని ఉంటారు. లక్షల కొబ్బరి చెట్లు మొదలంటా పడిపోయిన తుఫాను. ఆ సాయంత్రం ఆయన లాంచీని కాపాడుకుందామని రేవుకి వెళ్ళి, తాళ్ళు బిగిస్తుండగా గాలికి చిక్కుకుపోయారు. ఒక చెట్టు మొద్దుని కావలించుకుని బతికారు. మనిషికి గీత కూడా పడలేదు. కానీ అప్పటినుంచి, ఎండ కాస్తున్న రోజున కూడా ఆయన చెవుల్లో ఆ గాలి. వెంటనే గుండె దడ, అరచేతుల్లో చెమట, ఊపిరి అందకపోవడం.

"ఎవరికీ చెప్పలేదండి. సరంగుకి గాలంటే బయ్యమని తెలిస్తే లాంచీ ఎవరెక్కుతారండి?" అన్నారు.

ఆయన్ని మళ్ళీ కాకినాడ పంపాను, ఈసారి మానసిక వైద్యుడి దగ్గరికి. ఆయన మంచి డాక్టరు. భయం మూలానికి ఒక మందు మొదలుపెట్టి, అది పని చేయడానికి కొన్నాళ్ళు పడుతుంది కాబట్టి, అప్పటిదాకా పడుకునే ముందు అల్ప్రాజోలం అనే చిన్న బిళ్ళ వేసుకోమన్నారు. "దీని మీద సారా ముట్టకూడదు, పొద్దున్న మత్తుగా ఉంటే లాంచీ ఎక్కకూడదు, మాతో చెప్పకుండా పెంచకూడదు, ఆపకూడదు," అని చెప్పి పంపారు. సరంగు గారు మందు తాగే అలవాటున్న మనిషి కాదు. మిగతా మాటలకి కూడా తలాడించారు. ఆ బిళ్ళలు మా ఆసుపత్రిలోనే ఇచ్చేవాళ్ళం. మా కాంపౌండరు గారు వాటిని కాగితంలో పొట్లం కట్టి, "దాచుకోకండి, పంచకండి," అని ప్రతిసారీ ఒకటే పాట పాడేవారు.

నిద్ర పట్టింది. దడ తగ్గింది. సరంగు గారి ముఖంలోకి కళ వచ్చింది. లాంచీ ఎక్కుతుంటే నన్ను చూసి నవ్వేవారు.

ఇక్కడ మా ఆసుపత్రి పక్కింటివారి గురించి చెప్పాలి. మా ఆసుపత్రి ఆవరణలోనే ఒక పాత పెంకుటింట్లో ప్రభుత్వ ఆయుర్వేద డిస్పెన్సరీ ఉండేది. అందులో వైద్యులు గారు మా అందరి కంటే పెద్దాయన. తెల్లని పంచె, జరీ కండువా, నోట్లో ఎప్పుడూ లవంగం. చాలా మర్యాదస్తుడు. ఆ మర్యాద వల్లే మా ఇద్దరి మధ్య ఏళ్ళ తరబడి ఒక్క పనికొచ్చే మాట కూడా నడవలేదు. "నమస్కారమండి", "ఎండలు ముదిరాయండి", అంతే. ఆయన శాస్త్రాన్ని నేను చిన్నచూపు చూస్తానని ఆయన అనుకునేవారు. నా రోగుల్ని ఆయన లాక్కుంటారని మా ఆసుపత్రి సిస్టరు అనుకునేది. రోగులు మాత్రం ఏమీ అనుకునేవారు కాదు. నా దగ్గర బిళ్ళ పుచ్చుకుని, చెట్టు నీడలో నాలుగడుగులు నడిచి, ఆయన దగ్గర చూర్ణం పుచ్చుకుని ఇంటికెళ్ళేవారు. ఒకరి సంగతి ఇంకొకరికి చెబితే మనసు కష్టపెట్టుకుంటారేమోనని వాళ్ళ మొహమాటం. ఇటువైపు మనుషుల మొహమాటం మీకు తెలిసిందే కదా.

కార్తీకం వెళ్ళాక సరంగు గారిలో ఏదో మార్పు కనిపించసాగింది. ముందు అది నాకు బాగానే అనిపించింది. లాంచీ మెల్లగా, మరీ మెల్లగా వెళ్ళేది. ఉయ్యాలలో వెళ్తున్నట్టుందని పెరుగు అమ్మే ఆవిడ మురిసిపోయేది. నేనూ కునుకు తీసేదాన్ని. తర్వాత తర్వాత చూస్తే, ఆయన మాట కూడా మెల్లబడింది. ఎక్కేటప్పుడు అడిగిన ప్రశ్నే దిగేటప్పుడు మళ్ళీ అడిగేవారు. ఒకసారి రేవుకి చేరాక ఇంజను ఆపడం మర్చిపోయి అలాగే నిలబడ్డారు.

ఆసుపత్రికి పిలిచి అడిగాను. "సరంగు గారూ, మేమిచ్చినవి కాకుండా ఇంకేమైనా మందులు వాడుతున్నారా?"

"ఆయ్, లేదండి. ఒట్టండి."

"బిళ్ళ ఎక్కువ వేసుకుంటున్నారా?"

"లేదండి బాబూ. ఆ బిళ్ళ మా ఆవిడ చేతిలో ఉంటదండి. తనే ఇస్తది."

ఆయన అబద్ధం చెప్పలేదు. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. ఆ నెలలోనే బిళ్ళ సగానికి తగ్గించే విషయం మాట్లాడదామని కాకినాడ వెళ్ళి రమ్మన్నాను. పండగ రద్దీ తగ్గాక వెళ్తానన్నారు.

ఆ వారమే బంగాళాఖాతంలో వాయుగుండం ఉందని రేడియోలో చెప్పారు. మా వైపు రాలేదు, చినుకు కూడా పడలేదు. గాలి లేదు, అల లేదు. మర్నాడు పొద్దున్న మంచు మాత్రం ఎన్నడూ లేనంతగా పట్టింది. రేవులో నా ముందు నిలబడ్డ మనిషి వీపు కూడా మసకగా కనిపించింది. ఇలాంటి రోజున సరంగు గారు ఎలాగూ కదలరని, నేను టీ కొట్టు వైపు నడవబోయాను. అంతలో లాంచీ ఇంజను మోగింది.

టిక్కెట్లు కోసే ఆయన కూడా ఆశ్చర్యపోయాడు. "ఏంటి బావా, మంచు విడవనీయవా?" అన్నాడు. సరంగు గారు వినిపించనట్టే తాళ్ళు విప్పమని చెయ్యి ఊపారు. ఎక్కాం. నిండు చూలాలు ఒకమ్మాయి వాళ్ళమ్మతో నా పక్కన కూర్చుంది. ఆసుపత్రికే వస్తోంది. "ఇంకా టైముందిలే," అని ఆ అమ్మాయికి ధైర్యం చెప్పి, శాలువా కప్పుకున్నాను.

తర్వాత జరిగింది నాకు కల లాగే గుర్తుంది. చుట్టూ తెలుపు. నీళ్ళు కనిపించవు, వాటి చప్పుడు మాత్రం కింద ఎక్కడో. ఎవరో మెల్లగా శివనామం చేసుకుంటున్నారు. పూల బుట్టలోంచి చామంతుల వాసన. చాలాసేపు అలా వెళ్ళాం. ఎంతసేపని ఎవరికీ అనిపించలేదు. చివరికి పెరుగు కుండల ఆవిడ నెమ్మదిగా, ఎవర్నీ ఉద్దేశించకుండా అంది: "లంక ఎడం పక్కకి రావాలి కదండీ. రాలేదేంటి?"

అందరం ఎడం పక్కకి చూశాం. అటు ఏమీ లేదు. ఒక్క క్షణం మంచు పలచబడింది. ముందు ఒక చిన్న నావ. అందులో మొగుడూ పెళ్ళాం వంగి వల లాగుతున్నారు. మా లాంచీ సూటిగా వాళ్ళ మీదకి వెళ్తోంది.

టిక్కెట్లాయన ఒక్క కేక పెట్టాడు. సరంగు గారు కదలలేదు. నిటారుగా నిలబడి ఉన్నారు, చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి, కళ్ళు సగం తెరిచి ఉన్నాయి. ముఖం మీద పసిపిల్లాడి ప్రశాంతత. నేను అంతకు ముందూ ఆ తర్వాతా ఎన్నో మత్తు ముఖాలు చూశాను. అంత అందమైన ముఖం చూడలేదు, అంత భయపడనూ లేదు.

టిక్కెట్లాయన ఆయన్ని భుజంతో తోసేసి స్టీరింగు గిర్రున తిప్పాడు. లాంచీ ఒక పక్కకి ఒరిగింది. కుండలు దొర్లాయి. చూలాలి మీదకి సైకిలు పడబోతే ఒక మేష్టారు అడ్డం పడి తన మీదకి తీసుకున్నారు. చిన్న నావ మా పక్కగా, చేత్తో అందుకునేంత దగ్గరగా జారిపోయింది. మా లాంచీ ఇంకొంచెం ముందుకెళ్ళి, మెత్తగా ఇసుక తిప్ప ఎక్కి ఆగిపోయింది.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. వల చిరిగింది. పెరుగంతా ఒలికిపోయి చెక్కల మీద తెల్లగా పారింది. ఆ నిశ్శబ్దంలో సరంగు గారు కళ్ళు పూర్తిగా తెరిచి, "రేవొచ్చేసిందండి, దిగండి," అన్నారు.

అప్పుడు మొదలయ్యాయి అరుపులు. "తాగేసున్నాడండి!" అన్నారు ఒకరు. "పొద్దున్నే పుచ్చుకున్నాడు, చూడండి ఆ తూలడం," అన్నారు ఇంకొకరు. వల లాగుతున్న మనిషి నావని తిప్పకి చేర్చి, నడుం లోతు నీళ్ళలో నడిచొచ్చి ఆయన చొక్కా పట్టుకున్నాడు. అతని భార్య నావలోనే కూర్చుని, చిరిగిన వలని ఒళ్ళోకి లాక్కుంటోంది.

నేను లేచి వెళ్ళాను. ఆయన నోరు వాసన చూశాను. వక్కపొడి వాసన, పాల వాసన. సారా లేదు. నాడి నెమ్మదిగా ఉంది. కనుపాపలు చూశాను.

"ఈయన తాగలేదు. నేను డాక్టర్ని, చెబుతున్నాను, తాగలేదు," అన్నాను. చొక్కా పట్టుకున్న చెయ్యి వదులైంది. కానీ నమ్మినట్టు లేరు.

మంచు విడిచేదాకా ఆ తిప్ప మీదే ఉన్నాం. ఆయన్ని నా పక్కన ఇసుకలో కూర్చోబెట్టుకుని, ముఖం కడిగించాను. ఈసారి మందుల గురించి అడగలేదు. "రాత్రి పడుకునే ముందు ఏం తాగారు?" అని అడిగాను.

"పాలండి."

"పొద్దున్న?"

"పాలేనండి. మా ఆవిడ ఏదో ఆకు పొడి కలుపుద్దండి, చలవని. మందేం కాదండి."

మందేం కాదు. ఆయన నాతో ఒట్టేసి చెప్పిన నిజం అది. నేను మందుల గురించి అడిగితే ఆయన మందుల గురించే చెప్పారు. పాల గురించి అడిగినవాళ్ళు లేరు.

ఆ మధ్యాహ్నం ఆయన భార్య ఆసుపత్రికి వచ్చింది. బక్కపలచని మనిషి. రేవులో చేపలు అమ్ముతుంది. కళ్ళ కింద నల్లగా ఉంది. చేసంచీలోంచి ఒక్కొక్కటీ తీసి నా బల్ల మీద పెట్టింది. వైద్యులు గారి డిస్పెన్సరీ నుంచి అశ్వగంధ చూర్ణం. అమలాపురం కొట్లో కొన్న జటామాంసి వేరు పొడి. "మనశ్శాంతికి" అని ఆడపడుచు పంపిన కాప్స్యూల్సు. సంతలో ఎవరో అమ్మిన ఊరూ పేరూ లేని గోధుమరంగు పొడి. రోజూ పాలలో ఒకటో రెండో కలిపేది. రేడియోలో వాయుగుండం మాట విన్న రాత్రి అన్నీ కలిపింది. తెల్లారి కూడా ఓ చెంచాడు ఎక్కువే వేసింది.

"ఇన్ని ఎందుకమ్మా?" అన్నాను.

"ఇయ్యన్నీ ఆకులూ వేర్లేనండి. మీ బిళ్ళంటే మందు, అది మీరు చెప్పినంతే ఇచ్చానండి, ఒక్కటి కూడా ఎక్కువ ఇవ్వలేదు. ఇయ్యేం చేస్తాయండి?" అంది. తర్వాత తల దించుకుని, "ఆయన నిద్దరోతే ఇల్లు నిశ్శబ్దంగా ఉంటదండి," అంది.

నేనేదో అనబోతుంటే గుమ్మంలో లవంగం వాసన. వైద్యులు గారు. రేవులో సంగతి ఆయన చెవిన పడి, ఏళ్ళ తరవాత మొదటిసారి నా గదిలోకి నడిచొచ్చారు. నిలబడే బల్ల మీదవి చూశారు.

"ఈ అశ్వగంధ నేనిచ్చిందేనండి. తక్కినవి నావి కావు," అన్నారు. నేను ఏదో అంటానని ఎదురు చూశారు. నేను కుర్చీ జరిపాను. కూర్చుని, కండువాతో ముఖం తుడుచుకుని మెల్లగా అన్నారు: "మీ బిళ్ళ వాడుతున్నాడని తెలిస్తే ఇది కూడా ఇచ్చేవాణ్ణి కాదండి. ఇదీ నెమ్మదింపజేసేదే, అదీ నెమ్మదింపజేసేదే. మీరు వేరు, నేను వేరు గానీ, పుచ్చుకునే మనిషి ఒక్కడే కదండీ."

పాఠంగా చెప్పమంటే నేను ఇప్పటికీ అంతకంటే బాగా చెప్పలేను. ఆందోళనకిచ్చే బిళ్ళ మెదడు వేగాన్ని తగ్గిస్తుంది. నిద్రకీ శాంతికీ వాడే వేర్లూ, పొడులూ, కాప్స్యూల్సూ చాలావరకు అదే పని చేస్తాయి. విడిగా దేనికదే మంచిదే కావచ్చు. కలిస్తే మత్తు ఎంతవుతుందో ముందుగా చెప్పగలిగినవాళ్ళు లేరు. సంతలో పొడి సంగతి అయితే అసలు అందులో ఏముందో కూడా తెలియదు. చెట్టు నుంచి వచ్చింది కాబట్టి హాని చెయ్యదనుకోవడం మనందరికీ ఉన్న అలవాటు.

ఆ రోజుతో కథ అయిపోయిందనుకున్నాం. అసలు ప్రమాదం ఇంటికెళ్ళాక వచ్చింది. ఆ సాయంత్రమే సరంగు గారు అవమానంతో, కోపంతో, ఇంట్లో ఉన్నవన్నీ మూట కట్టి గోదావరిలో విసిరేశారు. చూర్ణాలతో పాటు మా బిళ్ళలు కూడా. "ఇక నా ఒంట్లోకి ఏ మందూ వెళ్ళదు," అని ఒట్టు పెట్టుకున్నారట.

రెండు మూడు రోజులకి ఆయన్ని మంచం మీద మోసుకొచ్చారు. ఒళ్ళంతా వణుకు. చెమటతో చొక్కా తడిసి ముద్దయింది. వెలుగు చూడలేకపోతున్నారు, చెంచా కింద పడితే ఉలిక్కిపడుతున్నారు. "గాలండి, గాలండి," అంటూ మంచం కోడు పట్టుకున్నారు. అన్నాళ్ళుగా అలవాటైన బిళ్ళని ఒక్కసారిగా ఆపేస్తే ఒళ్ళు తిరగబడుతుంది. కొందరికి మూర్ఛలు కూడా వస్తాయి. ఆ మాట బయటికి అనలేదు. అంబులెన్సు అనే మాట మా ఒడ్డున అప్పటికి లేదు. పంపాలంటే ఏరు దాటించాలి, ఆ స్థితిలో ఆయన్ని నీళ్ళ మీదకి తీసుకెళ్ళడం ఎవరి వల్లా కాదు.

కాంపౌండరు గారు ఎస్టీడీ బూతుకి పరిగెత్తి కాకినాడ డాక్టరుకి లైను కలిపించారు. నేను మాట్లాడాను. ఆయన చెప్పినట్టే బిళ్ళ మళ్ళీ మొదలుపెట్టాం, మునుపటంతే, ఎక్కువా కాదు తక్కువా కాదు. ఆసుపత్రిలోనే ఉంచుకున్నాం. వైద్యులు గారు రోజూ వచ్చి మంచం పక్కన కూర్చునేవారు. మందేమీ ఇవ్వలేదు. "నేను ఇవ్వకుండా ఉండడమే ఇప్పుడు నా వైద్యం," అని నవ్వేవారు. ఆయన ఊరి కబుర్లు చెబుతుంటే సరంగు గారి వణుకు కొంచెం కొంచెంగా సర్దుకునేది. మా సిస్టరు కూడా ఆయనకి టీ తెచ్చి ఇవ్వడం మొదలుపెట్టింది. అంతకంటే పెద్ద సంధి మా ఆవరణలో అంతకు ముందు జరగలేదు.

లేచి తిరగడం మొదలయ్యాక లాంచీ కాంట్రాక్టరు దగ్గరికి మేమిద్దరం కలిసి వెళ్ళాం. టీ కొట్టు దగ్గర కూర్చుని ఉన్నాడు. తాగి నడిపినవాణ్ణి మళ్ళీ గడప తొక్కనివ్వనని అప్పటికే ఊరంతా చెప్పేశాడు. ఆయన తాగలేదని, మందులు కలవడం వల్ల వచ్చిన మత్తని ఇద్దరం చెప్పాం. అంతా విని అన్నాడు:

"తాగి నిద్రపోతే ఏంటండి, తాగకుండా నిద్రపోతే ఏంటండి? గోదారికి తేడా తెలుస్తదా అండి?"

అతని మాట నిజం. అందుకే మేమూ ఆయనకి స్టీరింగు ఇవ్వమని అడగలేదు. "తాగుబోతు అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోండి. బిళ్ళ పూర్తిగా మానేదాకా ఒడ్డున పని ఇవ్వండి," అన్నారు వైద్యులు గారు. కాంట్రాక్టరు టీ గ్లాసు కింద పెట్టి, సరేనన్నాడు. ఆ మాట రేవులో నలుగురికీ వినపడేలా అన్నాడు. మంచివాడే.

ఆ వేసవంతా సరంగు గారు ఒడ్డున తాళ్ళు పట్టారు. కాకినాడ డాక్టరు చెప్పినట్టు బిళ్ళని కొంచెం కొంచెంగా, ఎంత నెమ్మదిగా అంటే ఆయన ఒంటికే తెలియనంత నెమ్మదిగా తగ్గించాం. భయం మూలానికి ఇచ్చిన రెండో మందు కూడా ఆసుపత్రిలోనే మళ్ళీ మొదలుపెట్టాం కాబట్టి, అప్పటికి అది బాగా పని చేస్తోంది. గాలి వీచిన రోజున రేవులో నిలబడి, ఊపిరి నెమ్మదిగా తీసి వదలడం కాకినాడలో నేర్పించారు. చూసేవాళ్ళకి ఆయన ఏటిని చూస్తూ నిలబడ్డట్టే ఉండేది.

మా గదుల్లో కూడా ఒక మార్పు వచ్చింది. నేను రోగుల్ని "ఏం మందులు వాడుతున్నారు?" అని అడిగి ఊరుకోవడం మానేశాను. పడుకునే ముందు ఏం తాగుతారు, పాలలో ఏం కలుపుతారు, చుట్టాలు ఏం పంపారు, సంతలో ఏం కొన్నారు అని అడిగేదాన్ని. తిట్టనని ముందే మాటిచ్చేదాన్ని. తిడితే రెండోసారి చెప్పరు. ఎవరైనా అటు వెళ్తుంటే, "నా బిళ్ళ సంగతి వైద్యులు గారికి చెప్పండి, ఆయనేం అనుకోరు," అనేదాన్ని. ఆయన కూడా అలాగే ఇటు పంపేవారు. కొన్నిసార్లు తనే వచ్చి గుమ్మంలో నిలబడి, "ఫలానా ఆవిడకి ఇది ఇవ్వొచ్చాండి?" అని అడిగేవారు. ఇవ్వకూడదంటే కారణం అడిగి, విని, వెళ్ళేవారు. నేనూ అడిగేదాన్ని. ఆయన కూడా నాకు చాలాసార్లు వద్దన్నారు.

తొలకరి పడ్డాక ఒకరోజు కాకినాడ నుంచి భార్యాభర్తలిద్దరూ నేరుగా మా ఆసుపత్రికి వచ్చారు. బిళ్ళ పూర్తిగా ఆగి కొన్ని వారాలైంది, ఇక లాంచీ నడపొచ్చని డాక్టరు చెప్పారు. సరంగు గారి ముఖం వెలిగిపోతోంది. మధ్యాహ్నం లాంచీ తననే తీసుకెళ్ళమని కాంట్రాక్టరు చెప్పారని, నన్నూ వైద్యులు గార్నీ ఎక్కించుకుని మరీ తీసుకెళ్తానని చెప్పడానికి వచ్చారు. రేవులో అందరూ ఎదురు చూస్తున్నారని, పూలదండ కూడా తెచ్చారని సిగ్గుపడుతూ చెప్పారు.

ఆయన మాట్లాడుతుంటే భార్య వరండాలో బల్ల మీద కూర్చుంది. ఆ రోజు ఆమెని చూసి నేను మామూలుగా అన్నాను: "నీకు నిద్ర పడుతోందా అమ్మా?"

ఆమె నా వైపు వింతగా చూసింది. ఆ ప్రశ్న తనకేనా అని వెనక్కి తిరిగి చూసింది కూడా.

"నాకాండి?" అంది. "నేనెక్కడ పడుకున్నానండి, ఆ తుఫాను కాణ్ణించి? ఆయన లేస్తారేమోనని చూస్తా కూర్చునేదాన్ని. పాలలో కలిపాక ఊపిరి తీస్తన్నారో లేదోనని చూస్తా కూర్చునేదాన్ని. బిళ్ళ తగ్గించినప్పుడు వణుకుతారేమోనని..."

మాట పూర్తి కాలేదు. తల గోడకి ఆన్చింది. ఏదో ఆలోచిస్తోందనుకున్నాం. చూస్తుండగానే కళ్ళు మూతపడ్డాయి, నోరు కొంచెం తెరుచుకుంది, చేతిలో సంచీ ఒళ్ళోకి జారింది.

ఓపీ నిండా జనం. బయట వాన మొదలైంది. సిస్టరు తలుపు దగ్గరికొచ్చి తర్వాతి పేరు గట్టిగా పిలవబోయింది. సరంగు గారు నోటి మీద వేలు పెట్టుకుని, బతిమాలుతున్నట్టు చూశారు. సిస్టరు పిలుపు మానేసి ఆ రోగి దగ్గరికి నడిచెళ్ళి భుజం తట్టింది. క్యూలో ఉన్నవాళ్ళు వాళ్ళలో వాళ్ళు సైగలు చేసుకున్నారు. ఏడుస్తున్న చంటిదాన్ని ఒకావిడ చూరు కిందకి తీసుకెళ్ళి జోకొట్టింది. వైద్యులు గారు గొడుగు ముడుచుకుని మెట్లెక్కి, చూసి, చప్పుడు కాకుండా చెప్పులు విప్పారు.

సరంగు గారు భార్య పక్కన కూర్చుని, తలకి చుట్టుకున్న తువ్వాలు విప్పి, మెల్లగా విసరడం మొదలుపెట్టారు.

దూరంగా రేవులో లాంచీ హారను మోగింది. కాసేపాగి మళ్ళీ మోగింది. ఆయన కోసమే.

"అందరూ ఎదురు చూస్తుంటారు, వెళ్ళండి. ఈవిణ్ణి నేను చూసుకుంటాను," అన్నాను, గుసగుసగా.

ఆయన భార్య ముఖం మీద నుంచి చూపు తిప్పలేదు. విసరడం ఆపలేదు.

"సాయంత్రం కూడా ఉందండి లాంచీ," అన్నారు.